లోపలి గదిలో నలభై రోజులు

“ఆ ఒక్క మాట తీసెయ్. నీ సినిమాకేం తక్కువైతది?” అన్నాడు రవీందర్, టిఫిన్ డబ్బా కోసం చెయ్యి చాపుతూ.

సరళ పప్పు గిన్నె మూత బిగించి, డబ్బా సంచిలో పెట్టి భర్త చేతికిచ్చింది. శనివారం కండ్లకోయలో ఒక కాలేజీలో జరిగే చిత్రోత్సవంలో ఆమె తీసిన ఇరవై నిమిషాల సినిమా వేస్తున్నారు. గోండి భాషలో సినిమా తీసిన మహిళ అని గేటు మీది బ్యానర్‌లో ఆమె ఫొటో కూడా వేశారు. రవీందర్ ఆ సినిమాను మొదటిసారి చూసింది ఆ పొద్దున్నే, పళ్లు తోముకుంటూ, ఫోనులో.

“మా కంపెనీలోళ్లు కూడ వస్తరంట. నన్నేమనుకుంటరు?”

సినిమా నిండా ఉన్నది సరళ తల్లి దుర్గాబాయి. ఆరేళ్ల కింద కూతురు రోజా పుట్టినప్పుడు, బాలింతకు చేసిపెట్టడానికి ఆసిఫాబాద్ దగ్గరి గూడెం నుంచి కొంపల్లి వచ్చి, ఈ అపార్ట్‌మెంటులోనే నలభై రోజులుంది. పిల్లకు పాలిచ్చే మధ్యలో, పొత్తిగుడ్డలు మడతపెట్టే మధ్యలో సరళ ఆమెను ఫోనులో తీస్తూ పోయింది. పసిదాని కాళ్లు సాగదీసి నూనె రాస్తున్న అమ్మ, కుక్కరు కూతకు ఉలిక్కిపడుతున్న అమ్మ, బాల్కనీలోంచి హైవే మీది లారీలను చూస్తున్న అమ్మ. అది సినిమా అవుతుందని అప్పుడు తెలియదు. నిరుడు రోజాను బడి వ్యాన్ ఎక్కించి, గిన్నెలు తోమి, బట్టలు ఆరేసి, మిగిలిన రెండు గంటల్లో డైనింగ్ టేబుల్ మీద ఏడాదంతా ఆ ముక్కలను కూర్చి అతికించింది. “ఇంట్ల ఖాళీగనే ఉంటది గదా, ఏదో ఒకటి చేసుకుంటాంది” అని రవీందర్ వాళ్లమ్మకు ఫోనులో చెప్పేవాడు.

అతనూ గోండే. పెళ్లైన కొత్తలో దూలపల్లిలో అద్దెకున్నప్పుడు, ఇద్దరూ గోండిలో మాట్లాడుకునేది విని ఇంటి ఓనరు “మీరేం జాతోళ్లు?” అని అడిగాడు. మరుసటి నెలే ఖాళీ చేయించాడు. అప్పటినుంచీ ఇంట్లో తెలుగే. ఆ భయం ఎక్కడిదో తెలుసు కాబట్టి సరళ ఎన్నడూ అతనితో తగువు పెట్టుకోలేదు.

అతను వెళ్లాక లాప్‌టాప్ తెరిచింది. దుర్గాబాయి పిల్లను ఒళ్లో వేసుకుని పాడుతోంది. బెల్లు మోగింది. “అత్తమ్మా, పై ఫ్లాటోళ్లచ్చిండ్రు. లోపల్కి పో, మాట్లాడకు” అంది రవీందర్ గొంతు. పాట ఆగిపోయింది.

సరళ ఆ మాట తీసేసి మళ్లీ చూసింది. ఇప్పుడు బెల్లు మోగగానే అమ్మ పిల్లను పడుకోబెట్టి, చెంగు సర్దుకుని, గబగబా లోపలి గదిలోకి పోతోంది. ఎవరూ పొమ్మనలేదు. తనంతట తానే సిగ్గుపడి దాక్కున్నట్టుంది.

సరళ అక్కడే ఆపేసింది. మాటను తిరిగి అతికించింది. అయినా అక్కణ్నించి లేవలేకపోయింది. రవీందర్ మాట వెనకే ఇంకో గొంతు ఉండేదని ఆమెకొక్కదానికే తెలుసు. “తొందరగా పో అమ్మా” అని గోండిలో అన్నది తనే. ఆ మాటను మొట్టమొదటి రోజే తీసేసింది, ఎవరూ అడగకుండానే. ఇప్పుడు దాన్ని వెతికి పట్టుకుని, దాని చోట దాన్ని పెట్టింది.

మధ్యాహ్నం చిత్రోత్సవం చూసుకునే నాగమణి మేడం ఫోన్ చేసింది. “సరళగారూ, శనివారం మీ ట్రైబల్ డ్రెస్సులో రండి. చిన్న డ్యాన్స్ కూడా ఉంటే బాగుంటుంది.”

“నాకు డ్యాన్స్ రాదు మేడం. సినిమా తీసుడు వస్తది.”

శనివారం హాలు సగం నిండింది. రవీందర్ రోజాను ఒళ్లో పెట్టుకుని వెనక వరుసలో కూర్చున్నాడు. తన గొంతు వినబడగానే తల వంచుకున్నాడు. ఆ వెంటనే సరళ గొంతు, తెర కింద దాని అర్థం తెలుగులో. అతను తలెత్తి భార్య వైపు చూశాడు.

అయిపోయాక, బయట టీ తాగుతూ మెల్లగా అడిగాడు. “నీ మాటెందుకు పెట్టినవ్?”

“నేను గూడ అన్న గదా.”

అంతలో పై ఫ్లాట్ కృపమ్మ వాళ్ల దగ్గరికొచ్చింది. బ్యానర్‌లో సరళ ఫొటో చూసి వచ్చిందట. కళ్లు తుడుచుకుంటూనే నిలదీసింది. “ఆ దినం బెల్లు కొట్టింది నేనే గదనే! పిల్లకు ప్రార్థన చేసి పోదామని వచ్చిన. నలభై దినాలు నా కిందింట్లనే మీ అమ్మ ఉన్నదా? మాకు తెల్వనే తెల్వదు.”

రవీందర్ ఏదో సర్దిచెప్పబోయాడు. సరళే ముందు మాట్లాడింది.

“ఉండె, ఆంటీ. వచ్చే నెల మళ్లొస్తాంది. ఈసారి మీరు బెల్లు కొడితే తలుపు తీసేది ఆమెనే.”