సార్‌వి కావు, నావి

"ఆమెను చూడు నవతా, ఎట్ల తయారయి వస్తదో."

డిపార్ట్‌మెంట్ ముందర కారు ఆపి మా ఆయన దయాకర్ చెప్పిన మాట ఇది. నేను టిఫిన్ బాక్సు, ఆన్సర్ పేపర్ల కట్ట, జారిపోతున్న కొంగు అన్నీ ఒక్కసారే సర్దుకుంటున్న. తలెత్తి చూస్తే మెట్లెక్కుతున్నది స్నిగ్ధ. కొత్తగ వచ్చిన అసిస్టెంట్ ప్రొఫెసర్. నీలం కోటు, బూడిదరంగు ప్యాంటు, తెల్లషర్టు. మగవాళ్ల బట్టలే, కానీ ఆమె ఒంటికే పుట్టినట్టున్నయి. భుజాల కాడ ఒక్క ముడత లేదు. ప్యాంటు అంచు బూటు మీదికి వచ్చి ఒద్దికగ ఆగింది. రెండు చేతులు జేబుల్ల పెట్టుకొని నడుస్తున్నది. నా చేతులు చూసుకున్న. నాకు కడుపుల మండింది.

మా ఆయనకు బట్టల పిచ్చి. బ్యాంకు మేనేజరు. కాలరు ఎంత వెడల్పు ఉండాలె, కోటుకు కింది బొత్తం ఎందుకు పెట్టుకోవద్దు, ఎండాకాలం ఏ బట్ట, చలికాలం ఏ బట్ట అని గంటలు గంటలు వీడియోలు చూస్తడు. ఆయన కోట్లు తార్నాకల ముఖేష్ దగ్గర కుట్టిస్తడు. కుట్టించేది ఆయన, తెచ్చేది నేను. క్యాంపస్ నుంచి వచ్చేటప్పుడు కౌంటర్ కాడ నిలబడి, ముడత పడకుండ చేతి మీద వేసుకొని, ఆటోల పసిపిల్లను పట్టుకున్నట్టు పట్టుకొని వస్త. ఒకసారి అట్ల తెచ్చినప్పుడు ఆ లోపలి లైనింగు మీద చెయ్యి పెట్టి చూసిన. చల్లగ, నున్నగ ఉన్నది. ఎవ్వరికీ కనపడని కాడ గూడ అంత మంచి బట్ట! "నాకు గూడ ఒకటి కుట్టిస్తే ఎట్లుంటది?" అని అడిగిన. ఆయన నవ్విన నవ్వుకు చేతిల చాయ్ ఒలికింది. "నీకా? మగరాయుని లెక్కనా? నీ ఎత్తుకు బ్యాండుమేళం ఆయన తీరు ఉంటవ్." వంటింట్ల నుంచి మా అత్తమ్మ లచ్చవ్వ అందుకున్నది. "నల్లపిల్లవు. ముదురు రంగులేస్తే కనవడనే కనవడవు బిడ్డా." ఒలికిన చాయ్ తుడిచింది నేనే.

ఇప్పుడు అదే మనిషి కారు అద్దం దించి మరీ స్నిగ్ధను చూస్తున్నడు. నా మీద మగరాయుని వేషమైనది ఆమె మీద స్మార్ట్ ఎట్లయింది? ఈ ప్రశ్న ఆయనను అడగాలె. కానీ కుళ్లుకు అంత తెలివి ఉండదు. అది దగ్గర్ల ఉన్న ఆడదాని మీద పడ్డది. ఆ రోజు నుంచి స్నిగ్ధల వంకలు వెతుకుడు నా పనయింది. ఈ ఎండల కోటేంది? ఆ బూట్ల టకటక ఏంది? నడకల ఆ పొగరేంది? స్టాఫ్ మీటింగుల హెడ్ ఉమాపతి గారు ఆమె వైపు తిరిగి "మీరేమంటారు, స్నిగ్ధ గారూ?" అంటరు. నా వైపు తిరిగి "నవతా, టీ చెప్పమ్మా" అంటరు. డిపార్ట్‌మెంట్ల ఆమెకన్న నేనే పాత. కానీ నాది ఇంకా కాంట్రాక్టు ఉద్యోగమే. టీ చెప్పడానికి లేచిన ప్రతిసారి ఆమె కోటు వీపు వైపు చూసి, ఎక్కడన్న కుట్టు ఊడితే బాగుండు అనుకునేదాన్ని.

జాతీయ సెమినార్ దగ్గరకొచ్చింది. ఉమాపతి గారు నన్ను రూంకు పిలిచిన్రు. "ఆ అమ్మాయికి నువ్వు కాస్త చెప్పాలి. బయటి యూనివర్సిటీల నుంచి పెద్దవాళ్లు వస్తున్నారు. ఆ ప్యాంటూ కోటూ కాకుండా లక్షణంగా చీరలో రమ్మను. నువ్వూ తనూ బొకేలు ఇచ్చి గెస్టులను రిసీవ్ చేసుకోవాలి. నేను చెబితే బావుండదు. ఆడవాళ్లకు ఆడవాళ్లు చెబితేనే బావుంటుంది."

"సర్, పొద్దటి సెషన్‌ల నా పేపర్ కూడ ఉన్నది," అన్న.

"ఉంటుందమ్మా. చివర్లో, టైముంటే చూద్దాం."

ఆ మాటకు నాకు ఏడుపు రావాలె. రాలేదు. చెప్తే మీకు నవ్వొస్తది, లోపల సంబురమయింది. ఆమెను గూడ నా పక్కకు, బొకేల పళ్లెం పట్టుకునే కాడికి దించొచ్చని. వరండాల గబగబ నడిచిన.

స్నిగ్ధ తన రూంల కోటు కుర్చీకి తగిలించి, మడిచిన షర్టు చేతులతోటి నోట్సు రాసుకుంటున్నది. ఉమాపతి గారి మాటలు ఉన్నవి ఉన్నట్టు చెప్పిన. ఆమె అంతా విని, కలం పక్కన పెట్టింది.

"ఇది ఆయన మాట. మీకేమనిపిస్తుంది నవత గారూ?"

నాకేమనిపిస్తదో ఎవరన్న అడిగి చాల రోజులైంది. అందుకేనేమో, జవాబు తయారుగ లేదు. నోట్లకు నిజం వచ్చేసింది.

"నిన్ను చూస్తే నాకు కుళ్లు."

ఆమె నవ్వలేదు.

"నాకూ ఉంది, మీ మీద," అన్నది మెల్లగ. "మీ క్లాసు జరుగుతుంటే వేరే డిపార్ట్‌మెంట్ పిల్లలు కూడా వచ్చి తలుపు దగ్గర నిలబడి వింటారు. నా క్లాసులో సగం బెంచీలు ఖాళీ. మాట్లాడేటప్పుడు నాకు చేతులు వణుకుతాయి. జేబుల్లో పెట్టుకుంటే కనపడవని మొదలుపెట్టాను ఈ ప్యాంట్లు. తర్వాత ఇష్టమైపోయింది."

పొగరు అనుకున్నది వణుకు! ఆమె లేచి ఆ నీలం కోటు తీసి నా భుజాల మీద కప్పింది. చేతులు తొడుక్కున్న. వేళ్లు మునిగిపోయినయి, బొత్తాలు అందలేదు. అల్మరా అద్దంల చూస్తే నిజంగనే బ్యాండుమేళం ఆయన లెక్కనే ఉన్న.

"కోటు నాకు నప్పదని మా ఆయన కరెక్టే అన్నడు," అన్న.

"ఇది నా కొలత. నా కొలతలో మీరెందుకు బావుంటారు? మీ ఆయన చూసింది మిమ్మల్ని కాదు, తన కోటులో మిమ్మల్ని ఊహించుకున్నారు. ఎక్కడ కుట్టిస్తారు ఆయన?"

"ముఖేష్ దగ్గర."

"నావీ అక్కడే. పదండి."

ముఖేష్ నన్ను చూడంగనే, "సార్‌వి ఇంక కాలేదు మేడం," అన్నడు.

"సార్‌వి కావు. నావి."

ఆయన టేపు మెడల వేసుకొని ఒకసారి నన్ను, ఒకసారి స్నిగ్ధను చూసిండు. లోపలికి రమ్మన్నడు. ఇన్నేండ్లల్ల ఆ కౌంటర్ దాటింది అదే మొదలు. భుజం, చెయ్యి, ఛాతి, నడుము కొలుచుకుంట ఒక్కొక్కటి అడుగుతున్నడు. నడుము కాడ ఎంత వదులు? కోటు ఎంత పొడుగు? జేబులు ఎక్కడ? అన్నిటికి "మీ ఇష్టం" అంటున్న. "మీ ఇష్టం అనకండి," అన్నది స్నిగ్ధ కొంచెం గట్టిగనే. "ఒళ్లు మీది."

అప్పుడు ఆలోచించుడు మొదలుపెట్టిన. పొట్టిదాన్ని కాబట్టి కోటు పొడుగు తగ్గించుమన్న. జేబుల్ల చాక్‌పీసులు, ఫోను, కళ్లజోడు పట్టాలె అన్న. నీలం బట్ట ముందర పెడితే చెయ్యి అటే పోయింది. కానీ ఆ నీలం ఆమెది. దాన్ని పక్కకు జరిపి, ముదురు గోధుమరంగు నూలుబట్ట తీసుకొని మెడ కాడ పెట్టుకున్న. అత్తమ్మ కనవడను అన్న రంగు. అద్దంల నా ముఖం అరుగు మీద దీపం పెట్టినట్టు కనపడ్డది.

ట్రయల్‌కు పోతే చంకల కింద పట్టేసింది. "పర్వాలేదు," అనబోయిన. ఇంట్ల నా నోటెంట ఎక్కువ వచ్చే మాట అదే. మింగేసి, "చెయ్యి లేస్తలేదు, బోర్డు మీద రాయాలె. విప్పి మళ్ల కుట్టుండ్రి," అన్న. ముఖేష్‌కు కోపం రాలేదు. చాక్‌పీసుతోటి గీత గీసి, సరే అన్నడు. అంతే. ఇంత సులువు పనికి నేను ఇన్నేండ్లు భయపడ్డనా?

సెమినార్ పొద్దున కోటు, ప్యాంటు, మా అమ్మ చేతి నేత చీర పాతదయితే కోసి కుట్టించుకున్న షర్టు వేసుకొని మా ఇంటి హాల్లకు వచ్చిన. అత్తమ్మ పేపర్ దించి చూసింది, మళ్ల పైకి లేపింది. దయాకర్ టై కట్టుకుంటున్నోడు ఆగిపోయిండు. నా చుట్టు తిరిగిండు. వేలితోటి భుజం కుట్టు తడిమిండు.

"ఎవరు కుట్టిండ్రు?"

"మీ ముఖేషే."

"నాకెందుకు ఇట్ల కూసోదు?"

అన్నంక నాలిక కరుచుకున్నడు. ఆయన కండ్లల్ల ఆ చూపు నాకు కొత్త కాదు, కొన్ని నెలలుగ నేను మోసిందే. అయ్యో పాపం అనిపించింది గానీ, ఓదార్చబుద్ధి కాలేదు.

"నవ్వుతరు నవతా. చీర కట్టుకో. లేకుంటే నేను కారుల దింపను."

"ఆటోల పోత," అన్న.

సెమినార్ హాలు వాకిట్ల ఉమాపతి గారు బొకేల పళ్లెం పక్కన నిలబడి ఉన్నరు. నన్ను, నా పక్కన స్నిగ్ధను చూసి నోరు తెరిచిన్రు. "ఆ అమ్మాయికి చెప్పమంటే నువ్వు కూడానా?"

"చెప్పిన సర్. ఆమె చెప్పింది నాకు ఎక్కువ నచ్చింది."

"మరి బొకేలు?"

"మీరు గూడ మంచి సూటే వేసుకున్నరు గద సర్. మీ చేతుల మీదనే ఇయ్యుండ్రి." జేబుల్ల చేతులు పెట్టుకున్న. "నా పేపర్ చివర్ల కాదు సర్, ప్రోగ్రాంల ఉన్నట్టు పొద్దటి సెషన్‌ల చదువుత."

గెస్టులు కారు దిగుతున్నరు. ఆయనకు వాదించే టైము లేకపోయింది, పళ్లెం ఆయనే ఎత్తుకున్నరు. నేను పేపర్ చదివిన. ప్రశ్నలు అడిగిన్రు, జవాబులు చెప్పిన. స్నిగ్ధ ముందు వరుసల కూసొని వింటున్నది. నా తర్వాత ఆమె మాట్లాడితే ఎక్కువ చప్పట్లు పడ్డయి, నాకు మళ్ల కొంచెం మండింది. ఈసారి ఆ మంటను చూసి భయపడలేదు. నాకేం కావాల్నో అదే చెప్తది అనుకున్న.

సాయంత్రం ఇంటికొస్తే దయాకర్ సోఫాల కూసొని ఉన్నడు. టీవీ వైపే చూసుకుంట అడిగిండు.

"ముచ్చట తీరింది గద? రేపటి నుంచి మామూలే కదా?"

"లేదు," అన్న, బూట్లు విప్పుకుంట. "వచ్చేటప్పుడు ముఖేష్ దగ్గర ఆగిన. ఇంకోటి కుట్టనిచ్చిన. మీ కోటు గూడ అయిందట, పోయి తెచ్చుకోండి."