స్వాగతగీతానికి వరస

మిట్టమధ్యాహ్నపు ఎండకు రిహార్సల్ షెడ్డు రేకులు కాగుతున్నాయి. తాండూరు నాటక కంపెనీలో పాటలకు వరసలు కట్టే ఎల్లప్ప పొద్దుటి నుంచీ హార్మోనియం ముందే కూర్చున్నాడు. ఒక్క చరణమూ కుదరలేదు. పదకొండేళ్లలో తొమ్మిది నాటకాలకు వరసలు కట్టినవాడు. ఆటకు మూడు రూపాయలు, ఒక పూట భోజనం. కరపత్రాల మీద మాత్రం "సంగీతం: నర్సప్ప" అనే ఉంటుంది. హార్మోనియం కొన్నవాడి పేరే వేయాలట. అది ఆచారం. వరసకు కూడా యజమాని ఉండడం ఆ ఊళ్లో ఎవరికీ వింతగా తోచలేదు.

కంపెనీకీ, నాపరాయి గనికీ నర్సప్పే యజమాని. ఎల్లుండి అతని రెండో గనికి ప్రారంభం. పట్నం పెద్దమనుషులు రైల్లో వస్తున్నారు.

"రాణి ఏడ్చే పాట ఉన్నది గద, గా వరస మీదనే స్వాగతం కట్టు," అన్నాడు నర్సప్ప. "జర దౌడు పెంచితె సరి. ధారూర్ల ఆటాడితె ఆడోళ్లంత గా పాటకే కండ్లు వత్తుకున్నరు."



ఆ వరస ఎల్లప్ప కట్టింది కాదు. రెండేళ్ల కిందట, నర్సప్ప గనిలో బండ కింద నలిగిన తమ్ముడు దేవప్పను ఇంటికి తెచ్చిననాడు తల్లి బీరమ్మ ఎత్తుకున్న శోకమది. ఒకరి మీద ఎత్తుకున్న శోకాన్ని దినవారాలు గడిచాక ఆ ఇంటి ఆడవాళ్లు మళ్లీ నోటికి తేరు. తెస్తే పోయినవాడు గడప వదలడని వాళ్ల నమ్మకం. ఎల్లప్ప తెచ్చాడు. నాటకంలో రాణి కొడుకు కోసం ఏడవాలి. అతనికి మరో ఏడుపు తెలియదు. రాణి వేషగత్తె ఇస్మత్ దాన్ని మొదటిసారి పాడిన మర్నాటి నుంచీ బీరమ్మ ఇంట్లో ఒక కంచం ఎక్కువ పెడుతోంది. అదెవరికని ఎల్లప్ప అడగలేదు.

"పాడు బిడ్డ," నర్సప్ప ఇస్మత్‌కు స్వాగతం మాటలు రాసిన కాగితం అందించాడు.

ఎల్లప్ప వేళ్లు అలవాటుగా కదిలాయి. ఇస్మత్ ఎత్తుకుంది. "దేవప్పా" అని బీరమ్మ గొంతు విరిగిన చోట ఇప్పుడు "దొరలారా" అని పడింది.

ఇస్మత్ తనంతట తానే ఆగింది. "ఎల్లన్నా, గిది స్వాగతం లెక్క లేదు. పానం గుంజుతున్నది."

ఎల్లప్ప హార్మోనియం తిత్తి మీది చెయ్యి తీశాడు.

"నేను వాయించ, పటేలా."

"ఏమొచ్చెర నీకు? ఎండ కొట్టిందా?"

"గది మా తమ్ముని మీద మా అవ్వ ఏడ్చిన ఏడుపు. నీ గనిల సచ్చిండు. నీ గనికే గది స్వాగతం ఎట్లయితది?"

నర్సప్ప ఒక్క క్షణం ఇస్మత్ ముఖం చూశాడు. ఆమె కాగితాన్ని మడిచి హార్మోనియం పెట్టె మీద పెట్టింది.

"సచ్చినోడు వచ్చి అడుగుతడా?" అన్నాడతను. "పెట్టె నాది. వరస గూడ నాదే."

"పెట్టె తీస్కపో."

నర్సప్ప మరొకరిని పిలవలేదు. తిత్తి కొక్కెం కూడా పెట్టకుండా హార్మోనియాన్ని రెండు చేతులా ఎత్తి, స్వరాల మెట్లు ఛాతీకి ఆనేలా అదుముకుని ఎండలోకి నడిచాడు. అడుగు పడినప్పుడల్లా తిత్తి తెరుచుకుని మూసుకుంది. పెట్టె దీర్ఘంగా మూలిగింది. అతను గట్టిగా అదిమినకొద్దీ ఆ మూలుగు పెరిగింది. బజారులో బండి మీది నుంచి నాపరాళ్లు దించుతున్న కూలీలు పని ఆపి, దారికి పక్కగా తొలిగారు. వాళ్లలో ఒకడు తలగుడ్డ తీసి చేత పట్టుకున్నాడు.