అలారానికి కట్టిన కవర్

అనిల్‌ను స్ట్రెచర్ మీద బయటకు తెచ్చేసరికి అతని మొహమంతా మసి. ఫ్యాక్టరీ డ్రయ్యర్ రూమ్‌లోంచి ఇంకా నల్లటి పొగ ఎగజిమ్ముతోంది. "ఊపిరి ఆడుతున్నది!" ఎవరో అరిచారు. అంబులెన్స్ పటాన్‌చెరు వైపు దూసుకుపోయింది.

శివశంకర్ గేటు దగ్గర బైక్ పడేసి పరుగెత్తాడు. మొదటి షిఫ్ట్ ఇన్‌ఛార్జ్ అతనే. డ్యూటీ దిగి, బొంతపల్లిలో సాగుకని కొనుక్కున్న చెలక చూసుకుంటుంటే ఫోన్ వచ్చింది. నలభై దాటగానే ఉద్యోగం వదిలేస్తున్నాడు. ఈ నెలాఖరే ఆఖరు. వయసంతా డబుల్ డ్యూటీలకే పోయింది.

ఈరోజు కూడా మేనేజర్ సునీల్‌కుమార్ డబుల్ చేయమన్నాడు. "ఇగ నాతోని కాదు సార్" అని శివశంకర్ వెళ్లిపోయాడు. అతని బదులు పండుగ సెలవులో ఉన్న అనిల్‌ను పిలిపించారు.

"అలారం ఎందుకు మోగలే?" సునీల్‌కుమార్ గద్దించాడు.

ముసలి ఆపరేటర్ అంజయ్య చెయ్యి చాపాడు. సగం కాలిన ప్లాస్టిక్ కవర్. "దీన్ని అలారానికి కట్టిండ్రు సార్."

శివశంకర్ ఆ కవర్‌ను గుర్తుపట్టాడు. పొద్దున డ్రయ్యర్ ముందు ఆయుధపూజ. సాంబ్రాణి పొగకు అలారం మోగితే మిషన్లు ఆగిపోతాయి. ప్రొడక్షన్ పోతుంది. అందుకే ఏటా దసరాకు కవర్ కట్టి, హారతి అయ్యాక విప్పేస్తారు. ఈసారి అతను విప్పలేదు. మనసు అప్పటికే చెలకలో ఉంది.

"రూమ్‌ల ఉన్నది అనిలే. సిగరెట్ తాగనీకి కట్టుకున్నడు. రిపోర్టుల గదే రాస్తం." సునీల్‌కుమార్ తేల్చేశాడు.

"ఏంది సార్ రాసేది?" ప్యాకింగ్‌లో పనిచేసే అనిల్ భార్య మహిత అప్పుడే కబురు తెలిసి పరుగెత్తుకొచ్చింది. "మా ఆయన సిగరెట్ ముట్టడు. ఇస్నాపూర్‌ల ఇంట్ల పండుకున్నోన్ని మీరే లేపి పిలిపిస్తిరి. పానం మీదికి తెచ్చి, మళ్ల దొంగను జేస్తరా?"

"నౌకరి ఉండాల్నంటే నోరు మూసుకో."

అంజయ్య శివశంకర్ పక్కకు జరిగాడు. "జెర చెమట తుడుసుకో బిడ్డా. పూజల పెట్టుకున్న బొట్టు కారుతున్నది."

శివశంకర్ చెయ్యి నుదుటి దాకా పోయి ఆగింది. ఒక్క మాట మింగితే చాలు. చెలక ఉంటుంది, తీరిక ఉంటుంది. అనిల్ మసి మొహం కూడా ఉంటుంది.

"సార్..." శివశంకర్ ముందుకు జరిగాడు. గట్టిగా అన్నాడు. "అనిల్ పేరు రాయొద్దు."

"మరెవరిది రాయాలె?"

"మిషన్ ఆగొద్దని కవర్ కట్టినోడు, ఇంటికి పోవాలని విప్పుడు మరిచినోడు ఒక్కడే సార్. శివశంకర్."