ఇద్దరు పంపిన ఒకే ఉత్తరం

పని చెయ్యడం కన్నా పని వెతకడానికే రోజంతా పోతోందని వినీలకి అర్థమయ్యేసరికి ఏడాదిన్నర గడిచిపోయింది.

ఆమెది పాలకొల్లు. తండ్రి జానకిరామ్‌కి బజారులో ఇత్తడి, స్టీలు పాత్రల కొట్టుంది. ఆ కొట్టు మీది గదే వినీల ఆఫీసు. ఎక్కడెక్కడి చిన్న వ్యాపారుల దగ్గరో ఉండే చిందరవందర సరుకుల జాబితాలను కంప్యూటర్లో సరిచేసి ఇవ్వడం ఆమె పని. అలాంటి పనుల ప్రకటనలు మూడు ఫ్రీలాన్స్ సైట్లలో వస్తాయి. ప్రకటన చూసి, చదివి, ఉత్తరం రాసేలోపు అక్కడ యాభై మంది ముందే నిలబడి ఉంటారు. పైగా డబ్బిచ్చి కొనుక్కున్న పాయింట్లలో కొన్ని ప్రతి దరఖాస్తుకీ సైటు కోసుకుంటుంది. అవతలివాళ్లు తెరిచి చూడకపోయినా ఆ పాయింట్లు తిరిగి రావు.

విసుగెత్తి, మొన్న వేసవిలో తనే ఒక ప్రోగ్రాం రాసుకుంది. సైట్ల నుంచి మెయిల్‌కి వచ్చే ప్రకటనలన్నీ అది చదువుతుంది. పనికిరానివి పక్కన పడేస్తుంది. పనికొచ్చేది తగిలితే ఫోన్ మోగిస్తుంది, ప్రకటనకు తగ్గట్టు ఒక ఉత్తరం కూడా సిద్ధం చేసి పెడుతుంది. ఉత్తరంలో అన్నీ మారినా మధ్యలో ఒక పేరా మారదు. అది వినీల స్వయంగా రాసుకున్నది: "మా నాన్నగారి పాత్రల కొట్టు జాబితాలో ఒకే బిందెకి పదకొండు పేర్లుండేవి. వాటన్నిటినీ ఒక్క పేరు కిందికి తెస్తూ ఈ పని నేర్చుకున్నాను."

మొదటి వారం ఫోన్ మోగుతూనే ఉంది.

"ఏంటమ్మా, బేరాలు బాగా వస్తున్నట్టున్నాయి?" అన్నాడు జానకిరామ్, మెట్ల దగ్గర నిలబడి.

"బేరాలు కాదు నాన్నా. కొట్ల బోర్డులు కనబడుతున్నాయంతే."

మూడో వారంలో మాత్రం నిజంగానే ఒక బేరం కుదిరేలా కనిపించింది. ఆస్ట్రేలియాలో తోట విత్తనాలు అమ్మే మార్గరెట్ అనే ఆవిడ జవాబిచ్చింది. ఆవిడ దగ్గర నాలుగు వేల విత్తనాల పేర్లున్నాయి. ఒకే టమాటా మూడు పేర్లతో మూడు చోట్ల ఉంది. బిందె సంగతి చదివి నవ్వుకున్నానని రాసింది. నమూనాగా రెండు వందల పేర్లు పంపింది. వినీల రెండు రోజుల్లో సరిచేసి పంపితే, బాగుందంది. శుక్రవారం మధ్యాహ్నం వీడియోలో మాట్లాడుకుందామని, అప్పటిదాకా ప్రకటన మాత్రం తీసెయ్యడం లేదని చెప్పింది.

సరిగ్గా ఆ వారమే సాయిప్రసన్న ఫోన్ చేసింది. భీమవరంలో ఇద్దరూ కలిసి ఇంజినీరింగ్ చదివారు. ప్రసన్న చెన్నైలో రెండేళ్లు ఉద్యోగం చేసి, పాప పుట్టాక మానేసింది. ఇప్పుడు భర్త ఓడల మీద పనిచేస్తుంటే, తను పాపతో కోరుకొండలో పుట్టింట్లో ఉంటూ అవే సైట్లలో పని వెతుక్కుంటోంది.

"నీ ప్రోగ్రాం నాకూ ఇవ్వవే. ఆర్నెల్లనుంచి ఒక్కడు కూడా నా మొహం చూళ్లేదు."

"పంపిస్తాలే. మధ్యలో నా పేరా ఉంటుంది, అది మార్చుకో."

"మార్చుకుంటాలే తల్లీ."

శుక్రవారం పొద్దున వినీల మాట్లాడాల్సినవన్నీ కాగితం మీద రాసుకుంటుండగా మార్గరెట్ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "మీ ఊళ్లో ఎంతమంది అమ్మాయిల తండ్రులకు పాత్రల కొట్లున్నాయి? ఎన్ని బిందెలకు పదకొండేసి పేర్లున్నాయి?" కింద ఒక ఫొటో. సాయిప్రసన్న పేరుతో వచ్చిన ఉత్తరం. అక్షరం మారలేదు. "మీ ఇద్దరిలో ఎవరు నిజమో తేల్చుకునే ఓపిక నాకు లేదు. క్షమించండి."

వినీల ప్రసన్నకి నాలుగుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. అయిదోసారి చెయ్యకుండా చెప్పులేసుకుని బస్టాండుకి బయల్దేరింది. రాజమండ్రిలో బస్సు మారి కోరుకొండలో దిగేదాకా మనసులో మాటలు నూరుకుంటూనే ఉంది.

ప్రసన్న వీధి అరుగు మీద పాపకి తల దువ్వుతోంది. వినీలని చూడగానే దువ్వెన పక్కన పెట్టేసింది.

"మార్చుకోమన్నానా లేదా?"

"అన్నావు."

"మరి? మీ నాన్నకి పాత్రల కొట్టుందా? ఎప్పుడు పెట్టారేంటి?"

ప్రసన్న పాపని లోపలికి పంపింది. "ఒక్క మధ్యాహ్నంలో ముప్పై పంపాను వినీలా. మొదటి మూడింట్లో ఆ పేరా తీసేసి పంపాను. తీసేస్తే అక్కడ ఏం రాయాలో తెలీలేదు. నాలుగేళ్లనుంచి ఏం చేశానని రాయను? పాపకి అన్నం పెట్టాననా? ఇక తర్వాతవన్నీ అలాగే వదిలేశాను."

"వదిలేసి నా పని పోగొట్టావు."

"నువ్వూ ఆవిడకే రాశావని ఈ పొద్దున ఆవిడ చెప్పేదాకా నాకు తెలీదు. అంతకుముందు నాకూ జవాబిచ్చింది తెలుసా? బిందె అంటే ఏంటి, ఒక ఫొటో పంపగలరా అని అడిగింది. మా అమ్మ నీళ్లు పట్టుకునే బిందె తీసి పంపాను." ప్రసన్న కళ్లు తుడుచుకుంది. "ఆర్నెల్లలో నన్నొక మనిషి ఏదైనా అడగడం అదే మొదటిసారి."

వినీలకి జాలి వేసింది. కానీ కోపం తగ్గలేదు.

ఈలోగా ప్రసన్న తల్లి వెంకటదుర్గ బయటికొచ్చింది. "ఎండలో పడొచ్చావు, భోంచేసి వెళ్లమ్మా. కాదంటే నేనూరుకోను."

ఎవరి మీద కోపమో ఆ మనిషి ఇంట్లోనే కూర్చుని పప్పూ, వంకాయ కూరా తినడం కన్నా ఇబ్బంది ఇంకోటి లేదనిపించింది వినీలకి. పక్కన ప్రసన్న తండ్రి బుజ్జిబాబు గారు ఫోన్ చూసుకుంటూ తింటున్నారు.

"అమ్మడూ, గురువారం గెలల కోత మనకా, సత్తిరాజు గారికా?"

"వాళ్లకి నాన్నా. మనకి శనివారం. అందరికీ మెసేజ్ వెళ్లిందిగా," అంది ప్రసన్న.

"అదేంటండి?" అని అడిగింది వినీల.

"పామాయిల్ తోటలమ్మా," అన్నారు బుజ్జిబాబు గారు. "నలభై మంది రైతులం, గెలలు కోసే జట్టు ఒక్కటే. ముందు నాకంటే నాకని కొట్టుకునేవాళ్లం. మా అమ్మాయి ఏదో కంప్యూటర్లో చేసింది. ఎవరి తోట ఏ రోజో అదే వేస్తుంది, వానొస్తే అదే మార్చి చెబుతుంది. ఏడాదైంది, గొడవ లేదు."

వినీల చెయ్యి ఆగిపోయింది. ప్రసన్న వైపు తిరిగి, "ఇది నువ్వు చేశావా?" అంది.

"ఆఁ. ఏముంది అందులో."

"ఏముందా? రాయడానికేమీ లేదని నా పేరా ఎత్తుకెళ్లావు! ఇది రాసి చావొచ్చుగా!"

గట్టిగానే అరిచింది. వెంకటదుర్గ చారు గిన్నె పట్టుకుని అలాగే నిలబడిపోయింది. వినీలకి సిగ్గేసి, "క్షమించండి పిన్నిగారూ," అని తల వంచుకుని తినేసింది. వెళ్లేటప్పుడు ప్రసన్న వీధి చివరిదాకా వచ్చి, అక్కణ్ణుంచి వెనక్కి తిరిగింది.

మర్నాడు వినీల జరిగిందంతా మార్గరెట్‌కి రాసింది. కొట్టు ముందు నాన్నని నిలబెట్టి ఫొటో తీసి పంపింది. జవాబు రాలేదు. వారం చూసింది, రెండు వారాలు చూసింది. ఒకరోజు ఆవిడ సైటు తెరిస్తే ఆ టమాటా ఇంకా మూడు పేర్లతో మూడు చోట్లే ఉంది. అది చూశాక ఇంకా మండింది.

ప్రోగ్రాంలోంచి ఉత్తరం రాసే భాగాన్ని పూర్తిగా తీసేసింది. ఇప్పుడది వెతికి పెట్టడం వరకే. ఉత్తరం మాత్రం ఒక్కొక్కటీ కూర్చుని రాస్తోంది. రోజుకి మూడు కన్నా రాయలేకపోతోంది. రాసినవాటిలో ఎక్కువ వాటికి ఎవరూ పలకడం లేదు.

రెండు నెలలకి ప్రసన్న ఫోన్ చేసింది.

"నాకు పని దొరికిందే. కెనడాలో ఇళ్లు శుభ్రం చేసే కంపెనీ. పదిహేను జట్లట, ఎవరు ఏ ఇంటికెళ్లాలో రోజూ తగువేనట. పామాయిల్ సంగతి రాశాను."

"మంచిది," అంది వినీల. ఆ ఒక్క మాట అనడానికే కష్టమైంది. తను చేసిన ప్రోగ్రాం, తను అరిచి చెప్పిన మాట, పని మాత్రం ఆమెకి.

"విను. వాళ్ల దగ్గర ఇళ్ల అడ్రసులన్నీ చండాలంగా ఉన్నాయి. ఒకే ఇల్లు నాలుగు రకాలుగా రాసుంది. అది నావల్ల కాదు. నువ్వు చేస్తావని చెప్పాను."

వినీలకి వద్దనాలనే ఉంది. నీ దయ నాకక్కర్లేదు అనే మాట నాలుక చివరిదాకా వచ్చింది. కింద కొట్లో నాన్న ఎవరికో గంగాళం మీద కొట్టి మోగించి చూపిస్తున్నాడు.

"నా గురించి ఏం చెప్పావు?"

"నీ గురించి నేనేం చెప్పలేదు. నీ ఉత్తరం నువ్వే రాస్తావని చెప్పాను."

"సరే. వాళ్ల మెయిల్ పంపు," అంది వినీల. "నా కోపం ఇంకా పోలేదు, అది వేరే సంగతి."

"తెలుసు," అంది ప్రసన్న.

వినీల ఫోన్ పెట్టేసి, కుర్చీ ముందుకి లాక్కుని, మొదటి వాక్యం టైపు చేసి కొట్టేసింది. రెండోది మొదలుపెట్టింది.