వంకాయ ఆంటీ

ఏమ్మే సాజియా, మూడు దినాల నుంచి ఆ కంప్యూటర్ ముందర కూచోని కూచోని నీ మెడ కొంగమెడ అయిపోతాంది, ఇంక నీకు మామూలు పరుపు చాలదు, ఏడడుగులది కుట్టాల నేను, అన్నాను, అనాలనుకున్నది అది కాదు, అనాలనుకున్నది నోటిదాకా వచ్చి ఏదో ఒక ఎకసెక్కమై బయటపడుతుంది, యాభై ఆరేళ్లుగా నా నోరు ఇంతే, ఆ పిల్ల చెవుల్లో వైర్లు కూడా తీయకుండా, పో మామా, నీ దూదంతా నా కీబోర్డులోకి పోతాంది, లోపలికి పోయి ఏకుకో, అంది, పోలేదు, ఏకే మిషను ఆపేసి, విప్పిన పరుపు ఒళ్లోకి లాక్కుని గడప మీదే కూచున్నాను, ఇక్కడైతే దాని తెర కనబడుతుంది, తెర మీద ఉక్కురెక్క ఆకాశంలో ఇరుక్కుపోయినట్టు ఆగి ఉన్నాడు, ఒక రెక్క మబ్బులో, ఇంకో రెక్క మా ఎర్రగుంట్ల సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టం మీద, లోకాన్ని కాపాడే అంత పెద్ద హీరోని మా అక్క కూతురు ఒక్క వేలితో ఆపేసి తీరిగ్గా టీ తాగుతోంది, నేను మాత్రం తేలు సీను ఇంకా ఉందా, కోసేసిందా, అని అడగలేక దూదిలో రాళ్లు ఏరుతున్నాను.

ఊళ్లో పెళ్లి వీడియోలు కోసి అతికించేది సాజియానే, ఇప్పుడు మూఢం, పెళ్లిళ్లు లేవు, స్టూడియోకి తాళం, అందుకని కంప్యూటర్ తెచ్చి నా పరుపుల అంగట్లో ముందరి అరలో పెట్టుకుంది, వాళ్లింట్లో చోటు లేక కాదు, మా అక్క నోటికి జడిసి, చేసేది ఏం పని అంటే, ఉక్కురెక్క అని రెండేళ్ల కింద ఒక సినిమా వచ్చింది, వచ్చింది అనకూడదు, పడింది అనాలి, మా ఊరి హాల్లో నాలుగు దినాలు ఆడింది, హీరో ఏడిస్తే జనం నవ్వారు, రాళ్ల క్వారీలోంచి రాక్షసి తేలు లేచి వస్తే ఇంకా నవ్వారు, జేసీబీకి కొండి తగిలించినట్టు ఉండింది అది, కానీ సాజియాకు ఆ హీరో అంటే ప్రాణం, ఆ హీరో అన్న పుట్టినరోజుకు ఆ సినిమానే మళ్లీ కోసి, వేస్టంతా తీసేసి, వెనకది ముందుకు ముందుది వెనక్కు జరిపి, రెండు ముక్కాలు గంటల దాన్ని గంటా యాభై నిమిషాలు చేసి ఫోన్లలో వదిలి, చూడండప్పా, సినిమా మంచిదే, కుట్టినోళ్లకే చేతకాలేదు, అని లోకానికి చూపించాలని దాని పంతం, మొదట విన్నప్పుడు నవ్వొచ్చింది నాకు, ఇదేం కొత్త చదువు మే, ఏడో తరగతి వదిలిపెట్టినప్పటి నుంచి నేను చేస్తాండేది గూడా ఇదే కదా, పాత పరుపు విప్పు, గడ్డకట్టిన దూది లాగు, మట్టి దులుపు, ఏకు, మళ్లీ కూరి దబ్బనంతో కుట్టు, దూది అదే, పండుకునేవానికి మాత్రం కొత్త పరుపు, అన్నాను, పనిలో పనిగా మా నాయన నాకు చెప్పింది కూడా చెప్పాను, పరుపు విప్పితే లోపల ఏం దొరికినా, పిన్నీసు గానీ, చెవికమ్మ గానీ, ఎండిపోయిన మల్లెమొగ్గ గానీ, దూదితోపాటు దులిపి పారేయకూడదు, ఇంటోళ్లకి ఇచ్చేయాల, సరే మామా అంది, విన్నట్టూ ఉంది, విననట్టూ ఉంది.

నిన్న పొద్దున ఫోన్లో అభిమానుల గుంపు నుంచి లిస్టు వచ్చింది, ఏవేవి కోయాలో, ఆలూరులో పెద్ద ఈరన్న అని ఒకడున్నాడు, అభిమానులకంతా వాడే పెద్ద, వాడి గొంతు ఫోన్లో గట్టిగా పెట్టి వింటోంది సాజియా, చెల్లే, ఫస్టు ఆ క్వారీలో తేలు సీను లేపెయ్, అన్న పరువంతా ఆడే పోయింది, ఆ జూనియర్ ఆర్టిస్టుల పరుగు, ఆ వంకాయ ఆంటీ ఓవరాక్షను, మా హాల్లో నవ్వలేక కుర్చీలు ఇరిగినాయి, అని వాడు మళ్లీ నవ్వాడు, నవ్వు ఆగకముందే గుంపులో ఇంకెవరో ఆ స్టిక్కరు పెట్టారు, వంకాయరంగు చీర, గుహ మాదిరి తెరిచిన నోరు, బయటికి దూకే కండ్లు, కింద అక్షరాలు, కరెంటు బిల్లు చూసిన ఆంటీ, అది నాకు కొత్త కాదు, సినిమా వచ్చిన వారానికే లారీల వాళ్ల గుంపులో ఎవడో పెట్టాడు, పెట్టినవాడికి తెలియదు, నేను చూశాను, చూసి ఏం చేశాను, అల్లా బాషా కదా, ఊరు నవ్వేటప్పుడు అల్లా బాషా నవ్వకపోతే ఏమైందప్పా వీనికి అంటారు, నవ్వు బొమ్మలు మూడు కొట్టి దాన్ని ఇంకో గుంపులోకి తోశాను, ఆ చేయి ఇదే, ఇప్పుడు దూది పీకుతున్న చేయి, ఆ ఆంటీ నా భార్య దస్తగిరమ్మ, అప్పటికి ఆమె పోయి ఏడాది.

లిస్టు విని సాజియా నా దిక్కు చూసింది, ఏమంటావు మామా అన్నట్టు, నేను ఏమన్నాను, తీసెయ్ మే, నాకేం, కానీ తేలు లేకుంటే మీ అన్న ఎవరితో కొట్లాడతాడు, నీతోనా, అన్నాను, నిన్నంతా ఇవే వేషాలు, మౌసు దాచాను, ప్లగ్గు పీకి కరెంటు పోయిందన్నాను, అది టీకి లేచినప్పుడు కీబోర్డు మీద నా పాత ప్లాస్టిక్ తేలు పెట్టాను, అరుస్తుందని, అరవలేదు, రెండు వేళ్లతో ఎత్తి, మామా, దీని తోకకు ఈ దారమేంది, అంది, విరిగింటే నేనే కట్టింటాలే, యాడ గుర్తుంటాది, అన్నాను, దాన్ని అట్లాగే కంప్యూటర్ పక్కన పెట్టుకుంది, ఈ కాలపు పిల్లలకు భయపడడం కూడా రాదు, నేను అడగాలనుకుంది ఒక్క ముక్క, మీ అత్తను ఉండనీ మే, మూడు సెకండ్లే కదా, ఆ మాట నోట్లో దబ్బనంలా అడ్డం పడింది, ఇంట్లో ఫోటోలు లేవని కాదు, ఫోటోల్లో ఆమె ఆధార్ కార్డుకు నిలబడినట్టు బిగుసుకుని ఉంటుంది, కదిలే దస్తగిరమ్మ లోకం మొత్తంలో ఆ మూడు సెకండ్లే, ఫోన్లో సినిమాలు చూపించే కంపెనీ కూడా చూసేవాళ్లు లేరని పోయిన నెల ఉక్కురెక్కను ఎత్తేసింది, సాజియా దగ్గరున్న పాత కాపీ కూడా పని కాగానే చెరిపేస్తుందంట, చోటు చాలదని, ఇంక మిగిలేది అది కోసిందే, అందులోనూ లేకపోతే ఆమె పరుగు ఎక్కడా లేదు.

ఆ పరుగు నేను పెట్టించిందే, నాలుగేళ్ల కింద ఊరి బయట పాడుబడిన నాపరాళ్ల క్వారీలో షూటింగ్, గుంపులో పరిగెత్తడానికి మనుషులు కావాలన్నారు, నేను ఆమెకు కడప దర్గాకు పోదాం, మంచి చీర కట్టుకో అని చెప్పి, పక్కింటి ఉరుకుందమ్మను కూడా ఎక్కించుకుని, ఆటో నేరుగా క్వారీలో దించాను, దర్గా యాడప్పా, అంది, ఈడే, పీరు ఇంకా మేకప్ వేసుకుంటాండాడు, అన్నాను, అక్కడ ఒకడు కర్రకు పచ్చగుడ్డ చుట్టి పట్టుకుని నిలబడ్డాడు, ఇదే తేలు, దీన్ని చూసి పరిగెత్తండి అన్నాడు, కర్రను చూసి ఎవరు భయపడతారు, అందుకని నేను ఆమె చెవిలో, తేలు ఉత్తదే, చిరుత మాత్రం నిజం, ఆ మూసిన వ్యాను చూడు, గుర్రుమంటాంది వినపడలే, కేకెయ్యంగానే వదుల్తారంట, మేనేజరు నాకొక్కనికే చెప్పినాడు, అన్నాను, ఉత్త జనరేటర్ వ్యాను అది, కండ్లు ఇంత చేసి, నిజమా, అంది, నీ మీదొట్టు, అన్నాను, ఆ ఒట్టు ఎంత సులువుగా వేశానో, తర్వాత ఏం చెప్పాలి, చెప్పులు ఒకటి ఇటు ఒకటి అటు, కొంగు గాలిలో, ఆ కేకకు క్వారీ గోడలు మారుమోగాయి, నేను రాళ్లకుప్ప వెనక పడి పడి నవ్వాను, డైరెక్టరు ఆ అమ్మ మొగం ఉంచండి అన్నాడంట, తిరిగొచ్చేటప్పుడు ఆటోలో బిర్యానీ పొట్లంతో నా నెత్తిన కొట్టింది, నీ పాడుగాను, గుండె ఆగిపోయింటే ఏం జేస్తాంటివి, అని, ఇల్లు చేరేదాకా నవ్వుతూనే ఉన్నాను.

మాకు పిల్లల్లేరు, ఆమె అరుపే ఇంట్లో సందడి, పెళ్లైన ఏడాది కడప ఉరుసులో కొన్న ప్లాస్టిక్ తేలు అది, పిండి డబ్బాలో పెడితే ఆమె వేసిన కేకకు వీధి వీధంతా వచ్చింది, ఆ తర్వాత బియ్యంలో, దిండు కింద, చీర మడతల్లో, అదే తేలు, ఇరవై రెండేళ్లు, రంగు పోయింది, తోక విరిగింది, ఆమె మాత్రం అదే కేక, ఇంత అమాయకురాలు నాకు యాడ దొరికిందప్పా అని స్నేహితులకు చెప్పుకుని మురిసేవాణ్ని, ఆ షూటింగ్ అయిన కొన్నాళ్లకే కడుపులో నొప్పి అంది, ఉరుకుందమ్మను తోడు పెట్టుకుని కర్నూలు పోయి చూపించుకుని వచ్చింది, ఏమన్నారు మే అంటే, గ్యాస్ అంట లేప్పా, సోడా తాగమన్నారు, అంది, అట్లయితే నిన్నే పొయ్యి కింద పెడితే సిలిండరు మిగుల్తాది, అన్నాను, నవ్వింది, ఆ జోకుకు అంత నవ్వు అక్కర్లేదు, అంత నవ్వింది, నాలుగు నెలలు, ఆఖరి నెలలో ఎవరూ చెప్పనక్కర్లేకుండానే నాకు తెలిసిపోయింది, ఆమె పోయాక బియ్యం డ్రమ్ము అడుగున కాగితాలు దొరికాయి, అంతా ఇంగ్లీషు, సాజియా చదివి చెప్పింది, కడుపులో గడ్డ అని, ముదిరిందని, మొదటి రోజు కాగితంలోనే రాసి ఉంది, నేను ఆ కాగితాన్ని తిట్టుకున్నాను, ఇంగ్లీషును తిట్టుకున్నాను, సంతకం కూడా రాని మనిషికి ఏం అర్థమై ఉంటుంది, గ్యాస్ అనే అనుకుని ఉంటుంది, తెలిసి ఉంటే దాచుకోగలదా, ప్లాస్టిక్ తేలుకు ఊరిని లేపే మనిషి చావుకు అరవదా, మా ఇంట్లో అబద్ధం నాదొక్కనిదే, ఆమెకు చేతకాదు, పాపం తెలియకుండానే పోయింది, భయం లేకుండా పోయింది, ఈ ఒక్కటి తల కింద పెట్టుకుని మూడేళ్లుగా పండుకుంటున్నాను.

మామా, ఈడికి రా, దూది దులుపుకొని రా, అంటోంది సాజియా, కోసేసినావా అన్నాను, ఈసారి ఎకసెక్కం ఏదీ దొరకలేదు, కోసేసినా, గుంపు ఒప్పుకోలే, శానా కొట్లాడినా, కానీ నీకు ఇయ్యాల్సింది ఒకటి దొరికింది, పరుపులో దొరికింది ఇంటోళ్లకి ఇచ్చేయాలంటివి కదా, అంది, సినిమా ఎట్లా తీశారో చూపించే చిన్న వీడియో ఒకటి కంపెనీ వాళ్లే అప్పట్లో వదిలారంట, మంచి ముక్కలేమైనా దొరుకుతాయని వెతుకుతుంటే ఇది కనబడిందంట, ముందర హీరో కుర్చీలో కూచుని టెంకాయ నీళ్లు తాగుతున్నాడు, వెనక జనం, జనంలో వంకాయరంగు, వాళ్లు పైన వేసిన పాటను ఏదో చేసి తగ్గించి వెనక మాటలు పైకి లేపినా, విను, అని తన చెవుల్లో వైర్లు తీసి నా చెవుల్లో పెట్టింది, గాలి చప్పుడు, వ్యాను గుర్రు, ఆ తర్వాత ఉరుకుందమ్మ గొంతు, దస్తగిరీ, చిరుతంట కదే, నాకు కాళ్లు వణుకుతాండాయి, పోదాం పా, ఆ తర్వాత, మూడేళ్లయింది ఆ గొంతు విని, చిరుతా లేదు ఏం లేదు లేక్కా, అది కరెంటు వ్యాను, ఇందాక దాంట్లో డీజిల్ పోస్తాంటే చూసినా, మరి నిజమా అని అంత నోరు తెరిస్తివే, అని ఉరుకుందమ్మ, తెరవకుంటే మా ఇంటాయప్ప మొగం చిన్నబోతాది, పాపం ఆటో మాట్లాడి ఇంత దూరం తెచ్చినాడు, ఇప్పుడు చూడు ఎట్ల అరుస్తానో, నువ్వు గూడా ఒక కేకెయ్, అని, కొంగు సర్దుకుని, చప్పుడు లేకుండా నోరు ఒకసారి ఇంత తెరిచి చూసుకుంది, మూసింది, రాళ్లకుప్ప దిక్కు, నేను దాక్కున్న దిక్కు, ఒక చూపు చూసి నవ్వింది.

నవ్వొచ్చింది నాకు, సగంలో ఎక్కడికో పోయింది, పెట్టమంటే ఇది పెడతా మామా సినిమా చివర్లో, పేర్లు పడేటప్పుడు, ఈరన్న ఏమన్నా అననీ, అంటోంది సాజియా, వద్దు మే, అది వాళ్లకోసం చేసింది కాదు, నా ఫోన్లోకి ఎయ్, అన్నాను, నా కండ్లు కంప్యూటర్ పక్కనున్న తేలు మీద ఉన్నాయి, తోకకు చుట్టిన దారం మీద, నేను కట్టిన ముడి అయితే దబ్బనం ముడి, మొద్దుగా ఉంటుంది, ఇది సన్నగా రెండు చుట్లు చుట్టి లోపలికి దోపిన ముడి, బొంతలకు దస్తగిరమ్మ వేసే ముడి, విరిగిపోతే నేను పారేస్తానని, పారేస్తే ఇంక ఆడుకోవడానికి నాకేం ఉండదని, కట్టి మళ్లీ నాకు దొరికే చోటనే పెట్టింది, ఎన్నిసార్లు తెలిసి తెలిసి పిండి డబ్బా మూత తీసిందో, ఎన్నిసార్లు నోరు అట్లా సరిచూసుకుందో, ఇంత బాగా చేసే మనిషి, సోడా తాగమన్నారు అనేటప్పుడు ఎంత బాగా చేసి ఉండాలి, నా దగ్గర దాచింది ఇంగ్లీషు కాగితం కాదు, డాక్టరు కాదు, ఉరుకుందమ్మ అన్నీ విని ఉంటుంది, ఆమె నోరు కూడా కట్టేసి ఉంటుంది, లేనిదానికి అన్నేళ్లు అరిచిన మనిషి ఉన్నది తెలిసిన రోజు గడప దగ్గర చెప్పులు విడుస్తూ, అదే గొంతుతో, గ్యాస్ అంట లేప్పా అంది, ఊరందరినీ బకరాలను చేసే అల్లా బాషా నమ్మేసి, గోలీసోడా తేవడానికి అంగడికి పోయాడు.