తోమని లొట్టి

మెట్ల కింది గదిలో నాలుగో డబ్బా మూతి దగ్గర బుడగ లేచి పగిలింది. నర్సింలు గచ్చు మీద మోకాళ్ళూని, చెవి డబ్బాకు ఆనించి, తర్వాతి బుడగ కోసం లెక్కపెడుతున్నాడు. ఎనిమిది దాకా రాకముందే అది కూడా వచ్చింది. లోపల సరుకు హుషారుగా ఉంది. ఐదో డబ్బా మాత్రం మెల్లబడింది. కడుపునిండా తిని పడుకున్న ముసలాయన గురకలా, ఒకటి వచ్చాక ఇంకొకటి వస్తుందో రాదో అన్నట్టుంది. రేపోమాపో వడపోయాలి.

పాత దుప్పట్లు కప్పిన ఆరు ప్లాస్టిక్ డబ్బాలు. ఒక్కోదానిలో ఇరవై లీటర్ల ద్రాక్షరసం, చక్కెర. దోహా నగరం అల్ హిలాల్‌లో ఎత్తు గోడల వెనక దొరల ఇళ్ళల్లో ఇలాంటి గదులు ఇంకెన్ని ఉన్నాయో. ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. అడిగే రోజంటూ వస్తే దొరికిపోయేది బ్రాడ్లీ సాబ్ కాదని నర్సింలుకు తెలుసు. దుకాణం నుంచి రసం పెట్టెలు మోసేది తను. అడుగున మిగిలిన మడ్డిని గన్నేరు మొక్కల మొదట్లో పూడ్చేదీ తనే.

చెవితో సరుకు పదును కనిపెట్టడం మెదక్ జిల్లాలో కల్లు కోసం తాటిచెట్లు గీసిన పదేళ్ళలో అబ్బింది. చెట్టు మీద లొట్టి దించే ముందు దాన్ని చెవి దగ్గర పెట్టుకునేవాడు. లోపల సన్నగా సుయ్యిమంటుంటే కల్లు కుదిరినట్టు. చెట్టెక్కే మోకు ఒరుసుకుని పాదాల మీద లేచిన నల్లటి కాయలు ఇప్పటికీ పోలేదు. మనిషికి ఇరవై తొమ్మిదేళ్ళు, పాదాలకు యాభై. పెళ్ళయిన మూడో రోజు మమత ఆ కాయల్ని వేలితో తడిమి, నొస్తయా బావా అని అడిగింది. నొప్పిలేదని చెప్పినా కొబ్బరినూనె రాసింది. అటువంటి రోజులు ఇరవై ఆరు. ఆ తర్వాత ఇరవై రెండు నెలలు ఇక్కడ.

ఈ సాయంత్రం ఏడింటికి బొంబాయి విమానం. సెలవు మీద ఊరికి పోతున్నాడు. గేటు పక్క గదిలో, మంచం కింద, సంచి మూడు రోజుల నుంచి కట్టే ఉంది. అన్నిటికన్నా పైన మమత చెప్పులు, మెరూన్ రంగువి. కొలత కోసం ఆమె క్యాలెండర్ కాగితం వెనక కాలు పెట్టి, చుట్టూ పెన్సిలు గీసి పంపింది. చిటికెనవేలి దగ్గర గీత వంకరపోయింది, చక్కిలిగింత పుట్టి ఉంటుంది. ఆ కాగితం పట్టుకుని నాలుగు దుకాణాలు తిరిగాడు. కాగితాన్ని చెప్పులోకి దూర్చి చూస్తుంటే దుకాణంవాడు నవ్వాడు. నర్సింలు కూడా నవ్వాడు.

వంటగదిలోకి వచ్చి, చిన్న గిన్నెలో నీళ్ళు గోరువెచ్చన చేసి చక్కెర కలిపాడు. కిటికీ గట్టు మీద, గుడ్డ కింద, లొట్టి ఉంది. రెండు లీటర్లు పట్టే మట్టి లొట్టి, మూతి దగ్గర చిన్న పెచ్చు ఊడింది. ఆ నీళ్ళు అందులో పోసి, సాబ్ ఇంగ్లండు నుంచి తెప్పించుకున్న పొట్లంలోని ఈస్టు పొడి చల్లాడు. ఆ పొడి వల్లే రసం పులుస్తుందని సాబ్ నమ్మకం. నర్సింలు వచ్చిన కొత్తలో దాన్ని గాజు కూజాలో తడిపేవాళ్ళు. ఓడలో వచ్చేసరికే ఎండకు చచ్చిన పొడి. రసం చప్పగా కూర్చునేది, లేకపోతే బూజు పట్టేది. సాబ్ తిట్టుకుంటూ పారబోసేవాడు.

ఈ లొట్టి వచ్చింది సకినాలతో. ఇక్కడికి వచ్చేటప్పుడు మమత డబ్బా దొరక్క సకినాలు దీంట్లో కుక్కి, పైన గుడ్డ కట్టి ఇచ్చింది. కల్లు లొట్టిలో సకినాలేందని అందరూ నవ్వారు. దోహా చేరి తింటే ప్రతి ముక్కకూ పుల్లటి వాసన. ఆ వాసన పోనీయకుండా ఉంచుకోవాలనిపించింది. వాళ్ళింట్లో లొట్టిని ఎన్నడూ తోమరు. నీళ్ళతో తొలిపి బోర్లిస్తారంతే. లోపలి గోడలకు అంటుకున్న తెల్లటి పొరే కల్లుకు ప్రాణం అంటారు. ఒకరోజు కూజా పగిలితే ఈస్టు దీంట్లో తడిపాడు. ఆ విడత సరుకు తాగిన దొరలు సాబ్ భుజాలు చరిచారు. అప్పటినుంచీ ప్రతి విడతా దీంట్లోనే. ప్రతి సామానూ క్రిములు చంపే మందు నీళ్ళతో కడగాలని సాబ్ ఆజ్ఞ. నర్సింలు అన్నీ కడిగేవాడు. లొట్టిని మాత్రం తొలిపి బోర్లించేవాడు.

బ్రాడ్లీ సాబ్ తువ్వాలు చుట్టుకునే కిందికి దిగాడు. చేతిలో ఫ్యాక్స్ కాగితం.

నెలరోజులుగా ఆ ఇంట్లో ఒకటే ముచ్చట. ఇళ్ళల్లో బీరూ వైనూ కాచుకునేవాళ్ళంతా అమెరికాలో మూడు రోజులు సభ పెట్టుకుంటారట. వెళ్ళడం దండగా, లాభమా? శుక్రవారం వచ్చిన ప్రతి దొరనూ సాబ్ అడిగాడు. ఫ్రిజ్ మీద ఒక కాగితం అతికించి, ఎడమ పక్క ఖర్చులు, కుడి పక్క కలిసొచ్చేవి రాసుకున్నాడు. వారం కింద నేల తుడుస్తున్న నర్సింలును కూడా అడిగాడు, వర్త్ ఇట్, నార్సీ? నర్సింలు సాబ్ కీ మర్జీ అన్నాడు.

ఇప్పుడు అక్కడివాళ్ళు సాబ్‌కి మాట్లాడ్డానికి ఇరవై నిమిషాలు ఇచ్చారట. ఇంక వెళ్ళక తప్పదు, శనివారమే ప్రయాణం. సాబ్ ముఖం పండగలా ఉంది. ఆ ముఖంతోనే, డబ్బాలు చూసుకోవడానికి నీ మీద తప్ప ఎవరి మీదా నమ్మకం లేదని వచ్చీరాని హిందీలో చెప్పాడు.

"తుమ్ రంజాన్ కే బాద్ జావ్, నార్సీ. ఓకే?"

అతికించిన కవరొకటి చేతిలో పెట్టి, ఆఫీసులో ఖుత్బుద్దీన్‌కి ఇవ్వమన్నాడు. భుజం తట్టాడు.

"అచ్ఛా సాబ్," అంది నర్సింలు నోరు.

రంజాన్ దాటాలంటే ఇంకా ఏడు నెలలు. సాబ్ పైకి వెళ్ళాక కూడా ఆ నోటి మీదే అతనికి మంట. చెట్టు మీంచి జారినప్పుడు చెయ్యి దానంతటదే మోకు పట్టుకుంటుంది. నోరు మాత్రం దానంతటదే అచ్ఛా అంటుంది, వెధవ నోరు. నీళ్ళ కోసం ఫ్రిజ్ తలుపు పట్టుకున్నాడు. కాగితం మీద కుడి పక్క ఎర్ర పెన్సిలుతో కొత్త గీత. అతనికి ఇంగ్లీషు రాదు. కానీ బతాకా గుర్తింపు కార్డు మీద తన పేరు ఎలా ఉంటుందో రెండేళ్ళుగా చూస్తున్నాడు. ఆ పేరులో సగం అక్కడ ఉంది. పక్కన పన్నెండు వందల రియాళ్ళు. తను ఆగిపోతే టిక్కెట్టు సొమ్ము కంపెనీ నుంచి సాబ్‌కి తిరిగొస్తుంది. ఎక్కడో దాచిపెట్టి రాసుకున్నా ఇంత మండేది కాదు. రోజుకు పదిసార్లు తను తెరిచే తలుపు మీద రాశాడు, గోడకు రాసినట్టు.

పై నుంచి సాబ్ గొంతు వినిపిస్తోంది. స్నానాల గదిలో అద్దం ముందు ఉపన్యాసం వల్లె వేస్తున్నాడు. డెజర్ట్, మై ఈస్ట్, మై మెథడ్. ఆ మాటలే మళ్ళీ మళ్ళీ.

పదకొండున్నరకు కవరు జేబులో పెట్టుకుని బయల్దేరాడు. జూన్ ఎండకు రోడ్డు మీద తారు చెప్పులకు అతుక్కుంటోంది. దారిలో మలబారువాళ్ళ చాయ్ దుకాణం దగ్గర అలవాటుగా కాళ్ళు ఆగాయి. ఏలకుల చాయ్ ఎప్పటిలాగే కమ్మగా ఉంది. ఇంత కోపంలో కూడా కమ్మగా ఉన్నందుకు దాని మీద కూడా కోపం వచ్చింది. గ్లాసు అడుగుదాకా తాగాడు.

ఖుత్బుద్దీన్‌ది బోధన్. కంపెనీ ఆఫీసులో పాస్‌పోర్టులు, టిక్కెట్లు, బయటికెళ్ళే అనుమతి కాగితాలు అన్నీ ఆయన చేతుల్లోనే ఉంటాయి. నర్సింలును చూడగానే సొరుగు లాగి అతని కాగితాలు బల్ల మీద పెట్టాడు. నర్సింలు వాటిని ముట్టుకోలేదు. కవరు వాటి పక్కన పెట్టాడు.

"ఏముంది తమ్మీ ఇండ్ల?"

"నన్ను ఆపుమని ఉన్నది. సాబే చెప్పిండు."

ఖుత్బుద్దీన్ కవరును అటూ ఇటూ తిప్పి చూశాడు.

"నిన్ను కట్టేసే తాడు నువ్వే మోసుకొస్తివి. కల్లుగీసే గౌండ్ల పిలగానివి, మోకు మోసుడు అలవాటే గద నీకు."

నర్సింలు నవ్వలేదు. "ఒక్కటి అడుగుత భాయ్. గా మీటింగుల ఏం నేర్పుతరు?"

"ఇంట్ల సారా కాసుకునుడు."

"గది నేర్సుకోనీకి అమెరికా దాకనా?"

"నేర్సుకోనీకి గాదు, నేర్పనీకి. ఆయన చదివే కాయిదం నేనే టైపు కొట్టిన, తౌబా తౌబా. ఈ ఎడారి ఎండకు ఆయన ఈస్టు గట్టివడ్డదట. ఆ కిటుకు ఆయనే కనిపెట్టిండట."

నర్సింలు ఏసీ చప్పుడు వింటూ నిలబడ్డాడు. లొట్టి సంగతి చెబుదామని నోరు తెరిచి, మూసుకున్నాడు. మట్టి లొట్టి, సకినాలు, తెల్లటి పొర... ఇక్కడ ఎవరికి చెప్పినా నవ్వులాటే అవుతుంది. చెప్పాల్సిన అవసరం కూడా లేదని ఆ క్షణంలోనే తోచింది.

"నేను పోత భాయ్," అన్నాడు.

ఖుత్బుద్దీన్ గోడ గడియారం వైపు చూశాడు. పన్నెండూ నలభై.

"గురువారం ఒంటిగంటకు ఆఫీసు బంద్. నువ్వు ఒంటిగంట దాటినంక వచ్చినవ్. కవరు తలుపు కిందికెల్లి లోపటికి నూకి పోయినవ్. నేను శనివారం జూస్త. గని ఇను, వాపసు వీసా మర్చిపో. ఆయన ఊకోడు. మల్ల ఈ దేశం మొఖం జూడవ్. ఖర్చు సూస్కున్నవా?"

"రెండేండ్ల సంది సూస్తున్న భాయ్."

ఖుత్బుద్దీన్ కాగితాలు అతని వైపు జరిపాడు. కవరును తీసి తలుపు దగ్గర నేల మీద వేశాడు, చెప్పినట్టే. పోయేముందు మమతకు ఏం తీసుకుపోతున్నావని అడిగాడు. చెప్పులని విని, ఒక జతకేనా ఇంత తండ్లాట అన్నాడు.

ఇంటికొచ్చేసరికి సాబ్ భోజనం చేసి పైన పడుకున్నాడు. నర్సింలు రోజూ చేసే పనులన్నీ చేశాడు. గిన్నెలు కడిగాడు. సభలో వేసుకునే తెల్ల చొక్కా ఇస్త్రీ చేసి, కాలరు ముడత పడకుండా తగిలించాడు. మెట్ల కింద ఆరు డబ్బాలనూ మరోసారి విన్నాడు. ఒక్క తన్ను తంతే చాలు, ద్రాక్షరసం గుమ్మం దాటి వీధిలోకి పారుతుంది. కాలు ఎత్తలేదు. సరుకేం పాపం చేసింది? దానిలో ఉన్నది తన చెయ్యే. దుప్పటి సరిచేసి తలుపు మూశాడు.

వంటగదిలో లొట్టి అంచుదాకా తెల్లటి నురగ లేచి ఉంది. నురగ చూస్తే ఎప్పుడూ కలిగే సంతోషం ఇప్పుడు కూడా కలిగింది, పళ్ళు కొరుకుతుండగానే. కాసేపు చెవి దగ్గర పెట్టుకున్నాడు. సుయ్యిమంటోంది. తర్వాత దాన్ని సింకులో వంచేశాడు.

తెల్లబట్టలకు వాడే బ్లీచింగ్ మందు సీసా తీసి సగం లొట్టిలో పోశాడు. స్టీలు పీచు పట్టుకుని చెయ్యి లోపలికి దూర్చాడు. మెడ దగ్గర మొదలుపెట్టి, గుండ్రంగా, అడుగుదాకా తోమాడు. పొర ఊడి తరకలు తరకలుగా వచ్చింది. మందు ఘాటుకు కళ్ళు మండాయి, గోళ్ళ కింద చర్మం చిట్లింది. మై మెథడ్ అంటూ తోమాడు. మట్టి ఎర్రగా బయటపడేదాకా తోమాడు. నీళ్ళు మార్చి మళ్ళీ తోమాడు. సాబ్ ఆజ్ఞను రెండేళ్ళలో మొదటిసారి పూర్తిగా పాటించాడు. చివరికి ముక్కు లోపలికి పెట్టి వాసన చూశాడు. సకినాలు లేవు, కల్లు లేదు. ఆసుపత్రి వాసన.

ఐదింటికి సంచి భుజాన వేసుకున్నాడు. చెప్పులు సంచిలో పైనే ఉన్నాయి. గది తాళంచెవి గేటు గూట్లో పెట్టాడు. మేడ మీద కిటికీ ఏసీ గర్రుమంటూనే ఉంది. రోడ్డు మలుపు దగ్గర ఆరెంజి టాక్సీ ఆపి ఎక్కాడు. వెనక్కి తిరిగి చూడలేదు. కాలి మీది కాయను బొటనవేలితో రుద్దుకుంటూ కూర్చున్నాడు.

వంటగది కిటికీ గట్టు మీద, ఎప్పటి చోటనే, ఎప్పటి గుడ్డ మీదనే, లొట్టి బోర్లించి ఉంది. దాని పెచ్చు ఊడిన మూతి నుంచి చుక్కచుక్కగా కారుతున్న తేట నీళ్ళు గుడ్డలోకి ఇంకిపోతున్నాయి.