పరుపుల కొట్టాయన నడుము

పరుపుల కొట్టాయనకు నడుము నొప్పి ఉన్న సంగతి ఎవరికీ తెలియదని ఆయన ధీమా. "దీని మీద పడుకుంటే నడుము నొప్పి మాయం" అని ఊరందరికీ పరుపులమ్మే మనిషి, తానే పొద్దున్నే కర్రలా బిగుసుకుపోయి లేస్తాడని బయటపడితే ఇంకేమైనా ఉందా? అందుకే ఇంట్లో అందరికన్నా ముందే లేచి, గోడ పట్టుకుని మంచం దిగి, వరండాలో అటూ ఇటూ తిరిగేవాడు. ఎండ వచ్చేసరికి మళ్లీ మామూలు మనిషయ్యేవాడు.

ఇలా ఉండగా ఆయన తొమ్మిదేళ్ల కూతురు పిచ్చుక కుంటడం మొదలుపెట్టింది. పొద్దున మడమ నేలకు ఆనదు, మోకాలు ఉబ్బిపోతుంది. మధ్యాహ్నానికి మళ్లీ గెంతులే. "బడి ఎగ్గొట్టడానికి నాటకాలు" అన్నది టీచరు. వాపు ఎంతకీ తగ్గకపోయేసరికి పిల్లల కీళ్ల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లారు. వద్దన్నా వినకుండా నానమ్మా, అమ్మమ్మా కూడా బయల్దేరారు.

"చిన్నపిల్లలకూ కీళ్లవాతం వస్తుంది," అన్నది డాక్టరమ్మ. "రక్తంలో ఒక జన్యు గుర్తు ఉందేమో చూద్దాం. ఉంటే జబ్బు తుంటికీ వెన్నుకీ పాకే అవకాశం ఎక్కువ. ముందే తెలిస్తే మనం జాగ్రత్తపడొచ్చు. మీ ఇళ్లల్లో ఎవరికైనా లేవగానే నడుము పట్టేసి, నడిస్తే సర్దుకుంటుందా?"

అంతే, గది రెండు పార్టీలైపోయింది.

"మా వైపు అలాంటివేం లేవమ్మా. మా నాన్న ఎనభై ఏళ్లప్పుడు కూడా సైకిలు తొక్కాడు," అన్నది నానమ్మ.

"స్టాండు వేసిన సైకిలా వదినగారూ?" అన్నది అమ్మమ్మ.

"మీ అన్నయ్యని కుర్చీలోంచి లేపాలంటే ఇద్దరు పట్టాలిగా!"

"అది ఒళ్లు! జబ్బు కాదు!"

పరుపుల కొట్టాయన గోడ మీది అస్థిపంజరం బొమ్మని శ్రద్ధగా చూడసాగాడు.

"నాన్న రోజూ గోడ పట్టుకునే లేస్తాడుగా," అన్నది పిచ్చుక. "కాలు నొప్పికి నాకూ అప్పుడే మెలకువొస్తుంది. తలుపు సందులోంచి చూస్తుంటా."

అందరూ ఆయన వైపు తిరిగారు. "అబ్బే, అది... పరుపు మంచిది కాదు," అని నోరు జారాడు.

"మన కొట్లో పరుపేగదండీ అది!" అన్నది భార్య.

డాక్టరమ్మ నవ్వు ఆపుకుని తండ్రీకూతుళ్లిద్దరికీ రక్తం తీయించింది. ఇద్దరిలోనూ ఆ గుర్తు ఉందని తేలింది.

"నావల్లే వచ్చిందన్నమాట," అన్నాడాయన.

"ఈ గుర్తు ఉన్నవాళ్లలో చాలామందికి ఏ జబ్బూ రాదు. ఇందులో మీ తప్పేం లేదు. కానీ నొప్పిని దాచుకున్నారు చూడండి, అది తప్పు. మీకూ వైద్యం కావాలి."

"ఇదంతా వాళ్ల నాన్న వైపు నుంచే," అని నానమ్మ చనిపోయిన భర్త మీదికి నెట్టేసింది.

పిచ్చుక మాత్రం కొత్త బొమ్మ దొరికినట్టు మురిసిపోయింది. "అయితే మనిద్దరిదీ ఒకటేనా నాన్నా?" ఏడవబోయినవాడు కాస్తా నవ్వేశాడు.

మందులు పడ్డాక కొన్ని నెలలకి పిల్ల మోకాలి వాపు దిగింది. ఇప్పుడు పొద్దున్నే తండ్రీకూతుళ్లు హాల్లో చాప మీద వ్యాయామం చేస్తారు. "ఇంకా వంగు నాన్నా. ఆ ఏడుపు మొహం పెట్టకు," అంటూ పిచ్చుకే పంతులమ్మ.

మొన్నొకరోజు, తమ వంశంలో కీళ్లు ఎంత గట్టివో చూపిస్తామని ఇద్దరు ముసలమ్మలూ చాప మీద కూర్చున్నారు. కూర్చోవడం బాగానే కూర్చున్నారు. లేవడమే ఇద్దరి వల్లా కాలేదు. చెరో చెయ్యీ పట్టుకుని తండ్రీకూతుళ్లే లేపాల్సొచ్చింది.